పడమర కిటికీ

ఆ నిజాముద్దీన్ ఒక్కడు లేకపోయి ఉంటే ఈ పొద్దు నేను నా చేలో కూలోళ్ళ చేత చెనక్కాయలు పీకిస్తూ గట్టు మీద కూర్చొని బీడీ కాల్చుకుంటూ ఉండేవాణ్ణి, ఈ రైలుపెట్టెలో మోకాళ్ళ మధ్య దూదేకే కమాను నిలబెట్టుకొని, ఒళ్ళో సంచీ, సంచీలో ఇంగ్లీషు లా పుస్తకం పెట్టుకొని, నలభైయారేళ్ళ వయసులో పరీక్షకు పోయే పిల్లోడి మాదిరి కూర్చొని ఉండేవాణ్ణి కాదు, ధర్మవరంలో ఎక్కిన ఈ లావుపాటి పెద్దమనిషి ఎవరో గానీ కుదుపుకొకసారి వచ్చి కమాను మీద వాలుతున్నాడు, తీగ టుంగుమంటుంది, పెట్టెలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూస్తారు, ఏందప్పా అది, వీణా అన్నాడు ఒకాయన, వీణే సామీ, పరుపుల పాట పలుకుతాది అన్నాను, నవ్వారు, నవ్వనీ, ఈ కమాను మోసేవాడు బెంగుళూరులో సాయంత్రం కాలేజీలో లా రెండో సంవత్సరం చదువుతున్నాడని తెలిస్తే ఇంకా గట్టిగా నవ్వుతారు, ధర్మవరంలో పట్టుచీరల షావుకారు ఇంట్లో పెండ్లి పరుపులకు దూది ఏకి ఏకి భుజం పడిపోయింది, తల మీద ఎన్ని చెంబులు పోసుకున్నా దూదిపోగులు జుట్టును వదల్లేదు, క్లాసులో ముందు బెంచీ పిల్లలు చూసి అంకల్, మీకు వెంట్రుకలన్నీ తెల్లబడిపోయాయే అంటారు, సగం దూది తల్లీ, సగం వయసు అని చెప్తాను, ఏ సగం ఏదో నాకే తెలియదు.

అంకల్ అనే పిలుపుకు అలవాటు పడ్డాను గానీ మొదటి దినం జరిగింది మాత్రం మరిచిపోలేను, లెక్చరర్ గదిలోకి వచ్చీ రాగానే నన్ను చూసి బోర్డు తుడిచి సుద్దముక్కలు తెచ్చిపెట్టమన్నాడు, నేను లేచి తుడిచాను, ఆఫీసుకు పోయి సుద్దముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాను, తర్వాత పోయి నా బెంచీలో కూర్చొని పుస్తకం తీశాను, అప్పుడాయన ముఖం ఎర్రబడింది, క్లాసంతా గొల్లుమంది, నా పక్కన ఏసుదాసు ఒక్కడే నవ్వలేదు, ఏసుదాసు హిందూపురంలో మా వీధివాడే, బ్యాంకులో గుమాస్తా, బెంగుళూరుకు బదిలీ అయి వచ్చి నన్ను కూడా ఈ చదువులోకి లాగిందే అతను, ముద్దుగా లార్డుగారూ అని పిలుస్తాడు, నాయన పోయినప్పుడు నేను ఐదో తరగతి, పలక పక్కన పెట్టి కమాను పట్టుకున్నాను, ఎప్పుడో కోర్టులో ఓడిపోయి పరుపుల అంగట్లో పండ్లు నూరుకుంటూ కూర్చున్న నన్ను చూసి ఏసుదాసే, పెద్దగా చదువుకోనివాళ్ళకు కూడా ప్రవేశపరీక్ష పెట్టి బి.ఏ. చదివించే యూనివర్సిటీ ఒకటి వచ్చింది ఖాజా మామా, రాయి అన్నాడు, రాశాను, బి.ఏ. అయింది, బి.ఏ. ఎందుకయ్యా నాకు, పరుపులు కుట్టేదానికా, నాకు కావలసింది లా, నా కేసులో తీర్పు రాసిన జడ్జి ఎక్కడ తప్పు రాశాడో నా కళ్ళతో నేను చదివి పట్టుకోవాల, ఆ ఒక్కదాని కోసం పగలు బెంగుళూరులో బామ్మర్ది అంగట్లో దూది ఏకుతూ, సాయంత్రం కాలేజీలో కునుకుపాట్లు పడుతూ, ఆ ఇంగ్లీషు పుస్తకంతో కుస్తీ పడుతూ వచ్చాను, ఒక్కొక్క వాక్యం అర పేజీ ఉంటుంది, చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాను, డిక్షనరీలో ఒక మాటకు అర్థం వెతికితే ఆ అర్థంలో తెలియని మాట ఇంకొకటి, దూదిలో గింజలు ఏరినట్టు ఏరుకుంటూ పోయాను, తప్పు దొరికితే చాలు, తప్పు దొరికితే చాలు అనుకుంటూ.

కేసంటే పెద్ద కథేం కాదు, మా అవ్వ మస్తాన్‌బీకి ఇద్దరు కొడుకులు, పెద్దవాడు ఈ నిజాముద్దీన్ నాయన, చిన్నవాడు మా నాయన, తల్లి ఉండగానే కొడుకు పోతే ఆ కొడుకు బిడ్డలకు ఆమె ఆస్తిలో పాలు రాదు, మా ముసల్మానుల చట్టం అట్లా ఉంది, అవ్వ చదువుకోలేదు గానీ ఆ సంగతి మాత్రం ఎవరో చెప్పగా చెవిన వేసుకుంది, అందుకే పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు చుట్టాలందరూ వచ్చి ఉన్న దినం చూసుకొని ఇంటి ముందర చాప పరిపించి కూర్చొని, నా చిన్నోడు పోయినాడు, వాని బిడ్డ కూడా లేనట్టే అంటే నేనొప్పను, చాకర్లపల్లి కాడ రైలుకట్ట పక్క చేను ఖాజాకు ఇస్తాండా, అందురూ ఇనండి అంది, నేను కాళ్ళు మొక్కాను, ఈ కారు పంట నుంచే కాయలు మీ ఇంటికి తోలుకో పో రా అంది, నేనప్పుడు, ఆ మాట అన్నందుకు ఇన్నేళ్ళూ ఎంత గర్వపడ్డానో, అట్లెట్లవ్వా, నువ్వు ఉండేంతవరకు పంట నీ గడపలోనే దించుతా, ఒక్క కాయ కూడా నేను ముట్టను అన్నాను, పెద్దలందరూ భేష్ అన్నారు, బిడ్డంటే ఇట్లుండల్ల అన్నారు, అవ్వ ఏదో అని నవ్వింది, అందరూ నవ్వారు, ఏమందో గుర్తు లేదు, అన్నమాట ప్రకారమే విత్తింది నేను, కలుపు తీయించింది నేను, పీకి ఎండబెట్టి మూటలు కట్టింది నేను, దించింది మాత్రం అవ్వ గడపలో, శిస్తు కూడా అవ్వ పేరు మీదే కట్టాను, ఆమె పిలిచి పెడితే తిన్నాను, మా దూదేకుల ఇండ్లలో పెద్దలుండే ఇంటికి అది మర్యాద, పెద్దామె కండ్ల ముందర పంటకు చెయ్యి చాచినవాని ముఖాన నలుగురూ ఉమ్ముతారు, అవ్వ పోయింది, నలభయ్యో దినం ఫాతిహా అయిందో లేదో నిజాముద్దీన్ ఆ చేలో మడక కట్టి దున్నాడు, అవ్వ ఆస్తి మా నాయనది, మీ నాయన ముందే పోయినాడు, నీకేముందప్పా ఈడ అన్నాడు, నేను కోర్టుకు పోయాను.

కోర్టులో అవతలి లాయరు అడిగిన ప్రశ్న ఒక్కటే, చేను నీకిచ్చినాక పంట ఎవరు తీసుకునేవాళ్ళు ఖాజాసాబ్ అని, ఎంత మెత్తగా అడిగాడు, నేను రొమ్ము విరుచుకొని, అవ్వ బతికుండంగ పంట మీద చెయ్యి పెట్టేంత మానం లేనోణ్ణి కాదు సామీ, ప్రతి మూటా అవ్వ గడపలోనే దించినా, కావాలంటే ఊర్లో అడుగు అన్నాను, వెనక నిలబడిన మా ఊరివాళ్ళు తలలూపారు, గెలిచానే అనుకున్నాను, ఇటు తిరిగి చూస్తే నా లాయరు నుదురు పట్టుకొని కూర్చున్నాడు, అవతలి లాయరు ఇంకేమీ అడగలేదు, థాంక్స్ అన్నాడు, నాకెందుకు థాంక్స్ చెప్తున్నాడో అర్థం కాలేదు, అర్థమయ్యేదానికి పదకొండేళ్ళు పట్టింది, అదీ పోయిన నెల, క్లాసులో, లెక్చరర్ హిబా చెప్తున్నాడు, హిబా అంటే దానం, మూడు జరగాల, ఇస్తున్నానని చెప్పాల, తీసుకుంటున్నానని ఒప్పుకోవాల, స్వాధీనం చెయ్యాల, చెప్తూ చెప్తూ ఒక లెక్క వేశాడు, ఒక ముసలామె మనవడికి పొలం ఇచ్చింది, ఇచ్చినాక కూడా ఫలసాయం తానే తీసుకుంటూ వచ్చింది, చెల్లుతుందా అని, చెల్లదు సార్ అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది, నిన్న మొన్న మీసాలు వచ్చిన పిల్లలు, కోర్టు మెట్లెక్కి దిగి నా చెప్పులు అరిగిపోయిన దానికి వాళ్ళు ఒక్క ఊపిరిలో జవాబు చెప్పేశారు, ఎందుకు చెల్లదు అంటే స్వాధీనం ఇవ్వలేదు గనక సార్, వెరీ గుడ్, అంతే, తర్వాత పేజీకి పోయారు, నేను ఆ పేజీలోనే ఉండిపోయాను, తీర్పులో తప్పు లేదు, జడ్జి సరిగ్గానే రాశాడు, ఏ తప్పు కోసం నేను ఇంత చదివానో ఆ తప్పు లేనేలేదు, లార్డుగారూ ఒంట్లో బాగలేదా అని ఏసుదాసు అడిగాడు, బాగుంది అన్నాను, ఆ దినం నుంచి పుస్తకం తెరవలేదు.

అందుకే ఈ పొద్దు మధ్యాహ్నం రెండు గంటలకు పరీక్ష ఉన్నా, అదీ ఆ హిబా ఉన్న పేపరే అయినా, హిందూపురంలో దిగిపోదామని ధర్మవరంలోనే నిర్ణయం చేసుకున్నాను, నా పెండ్లాం జైతున్‌బీకి కబురు కూడా పంపాను, ఈసారి కమాను ఒక్కటే కాదు, నేను కూడా దిగుతా అని, ఎప్పుడూ ఆమె స్టేషన్‌కు వచ్చి కమాను తీసుకొని పోతుంది, నేను బెంగుళూరు పోతాను, ఇక ఆ యాత్ర చాలు, చదివి గెలిచేదేముంది, కిటికీలోంచి చల్లగాలి కొడుతోంది, పెనుకొండ కొండ కనబడుతోంది, కోట గోడ మీద ఎండ పడి ఎర్రగా ఉంది, ఇంకొక బాధ ఏందంటే ఈ దారిలో నేనెప్పుడూ తూర్పు వైపే కూర్చుంటాను, పడమర వైపు కూర్చుంటే పెనుకొండ దాటినాక చాకర్లపల్లి ముందర ఆ చేను కంటబడుతుంది, కేసు పోయినప్పటి నుంచి ఒక్కసారి కూడా అటు చూడలేదు, ఈ పొద్దు తూర్పు బెంచీలు నిండిపోయి ఈ పడమర కిటికీ దొరికింది, సరే, కండ్లు మూసుకుంటే చాలు, కండ్లు మూసుకునేదానికి టిక్కెట్టు అక్కర్లేదు కదా.

పెనుకొండలో బండి నిలిచింది, ఎదురుబండి వచ్చేదాకా కదలదంట, టీ టీ అని అరుపులు, నేను ఒక టీ తీసుకొని ఊదుకుంటూ ఉంటే, ఏమప్పా ఖాజా, బాగుండావా అని ఒక గొంతు, తలెత్తాను, నిజాముద్దీన్, టీ సగం నా లుంగీ మీద పడింది, పదకొండేళ్ళు, ఎదురుపడితే వీధి మార్చుకున్న మనిషి, ఎంత చిక్కిపోయాడు, పండ్లు ఊడిపోయాయి, మెడ కోడిమెడ మాదిరి అయింది, చేతిలో తువ్వాల మూట, ఈడ చోటు లేదు అన్నాను నేను, రా పెద్దాయనా రా అని లావుపాటి ఆయన జరిగి జరిగి నా ఎదురుగానే చోటు చేశాడు, ధర్మవరం నుంచి నా కమానుకు అంగుళం ఇవ్వని మనిషి, నిజాముద్దీన్ కూర్చున్నాడు, మూట ఒళ్ళో పెట్టుకున్నాడు, హిందూపురంలో మీ అంగడి కాడికి పోయింటి, నీ పెండ్లాం చెప్పింది ఈ బండికి వస్తావని అన్నాడు, జైతున్‌బీ, నాకు ఒక్క మాట చెప్పకుండా, లాయరు సదువు సదువుతాండావంట కదా అన్నాడు, ఇంకా కాలేదు నిజామన్నా, అయినాక నీ పేరు మీదే మొదటి కేసు వేస్తా అన్నాను, ఎయ్యప్పా, బాగా ఎయ్యి, అంతవరకు నేనుంటే కదా అని దగ్గుతూ నవ్వాడు, నాకూ నవ్వు వచ్చేటట్టుంది, రానివ్వలేదు, టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఒక మాట అడగల్లని వచ్చినా అన్నాడు, గొంతు తగ్గించాడు, నా కొడుకులిద్దురూ తెలుసు కదా, చేను మొగం సూడరు, లారీలని ఒకడు, సినిమాలని ఒకడు, దుడ్లు కావల్లంటే మాత్రం ఇంటికొస్తారు, సేద్యమంతా మా పాప రోషన్‌బీదే, ఊర్లోనే ఇచ్చినా కదా, మొగుడు గొర్రెలెంట పోతాడు, ఈయమ్మ మడక కూడా పడుతుందప్పా, ఆడబిడ్డ, ఎవురన్నా నవ్వితే నవ్వనీ అంటుంది, ఆ రైలుకట్ట చేను ఆయమ్మకే పోవల్ల, నేను పోయినాక వాళ్ళిద్దురూ పీక్కోని అమ్ముకుంటారు, అందుకే వీలునామా రాద్దామని, నేనుండేంతవరకు పంట నాది, నా ఎనక చేను పాపది, ఇట్ల రాస్తే నిలబడతాది కదా ఖాజా అన్నాడు, రైలుకట్ట చేను, ఆ పేరు ఎంత సులభంగా పలికాడు, నా చేను, అవ్వ చేను, దాన్ని ఎట్లా గట్టిగా పట్టుకోవాలో వచ్చి నన్ను అడుగుతున్నాడు, యా అల్లా, ఇట్లాంటి పొద్దు కూడా ఉంటుందా.

ఒక్క మాట, నిలబడతాది అన్నా, రాయించుకో, అంతే అంటే చాలు, ఆయన బాబయ్యకు మొక్కుకొని సంతోషంగా రాయిస్తాడు, ఆయన పోయినాక కొడుకులు దాన్ని చించి పారేస్తారు, వారసురాలికి వీలునామా చెల్లదు, తక్కిన వారసులు తర్వాత ఒప్పుకుంటే తప్ప, ఆ ముచ్చట రెండో సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు, అందరూ ఒక్క గొంతుతో చెల్లదు సార్ అంటారు, రోషన్‌బీ అప్పుడు నా మాదిరే కోర్టులో నిలబడుతుంది, మా నాయన ఇచ్చినాడు సామీ అంటుంది, అవతలి లాయరు మెత్తగా ఒక ప్రశ్న అడుగుతాడు, నాకేం పోతుంది, ఆ చేను ఎట్లా అయినా నాకు రాదు, ఆయనకు కూడా తెలియాల కదా ఇచ్చినది నిలబడకపోతే ఎట్లా ఉంటుందో, ఆయనకెట్లా తెలుస్తుంది, అప్పటికి చనిపోయి ఉంటాడు, తెలిసేది రోషన్‌బీకి, ఎత్తుకొని తిరిగిన పిల్ల, చిన్నప్పుడు కమాను తీగ మీటి చూసి పగలబడి నవ్వేది, చిన్నాయనా ఇంకోసారి, చిన్నాయనా ఇంకోసారి అని, ఎదురుబండి ఇంకా రాలేదు, పెనుకొండలో లాయర్లు లేరా, నన్ను అడిగేదానికి ఇంతదూరం వచ్చినావు అన్నాను, కావాలనే కటువుగా అన్నాను, ఉండారు లేప్పా అన్నాడు, వాళ్ళని అడిగితే రేపటికి నా కొడుకులకు తెలుస్తుంది, అదొకటి, రెండోది, నువ్వు అబద్ధం చెప్పవు, ఆ పొద్దు కోర్టులో పంట నేనే తీసుకున్న్యా అని ఒక్క అబద్ధం చెప్పింటే చేను నీదే, మా లాయరే భయపడుతుండె, నువ్వు చెప్పలా, నేను ఎనక నిలబడి విన్న్యా, ఇంటికి పోయి అన్నం తినలేకపోతి ఆ పొద్దు, గెలిచినా కూడా.

బండి కూత వేసింది, కదిలింది, వీలునామా వద్దు నిజామన్నా అన్నాను, నా గొంతు నాకే వేరేగా వినబడింది, క్లాసులో చెప్పినట్టు కాదు, అవ్వకు చెప్తున్నట్టు చెప్పాను, వీలునామా నిలబడదు, ఇచ్చేదుంటే ఇప్పుడే ఇచ్చెయ్యల్ల, నలుగురిని కూర్చోబెట్టి చేను పాపకు ఇస్తాండా అని చెప్పు, పాప తీసుకుంటాండా అని చెప్పల్ల, చెప్పి ఊరుకుంటే కాదు, ఆ పొద్దే పాపను తోలుకొని పోయి చేలో నిలబెట్టి నువ్వు గట్టు దాటి బయటికి రావల్ల, ఈ కారు కాయలు పాప ఇంటికే పోవల్ల, శిస్తు పాప పేరు మీదే కట్టల్ల, ఒక్క మూట కూడా నీ గడపలో దిగకూడదు, ఒక్క మూట కూడానా అన్నాడు, ఒక్క మూట కూడా, నేను చేలోకి పోనే కూడదా, పో, నీ బిడ్డ పిలిస్తే పో, కూలికి పిలిచినా పో, నా చేనికి నేనే కూలికా అన్నాడు, అప్పుడది నీ చేను కాదు కదన్నా అన్నాను, లావుపాటి ఆయన ఎప్పటి నుంచి వింటున్నాడో గానీ న్యాయమే చెప్పినాడు పెద్దాయనా అన్నాడు, నిజాముద్దీన్ ఒళ్ళో మూట ముడి సవరించుకుంటూ మెల్లగా, మనవ్వ అట్ల చేసింటే అన్నాడు, అని ఆగిపోయాడు, ఇద్దరమూ ఒకే చోటికి వచ్చి నిలబడ్డాము.

అద్దో, పాప ఉండాది సూడు అని లేచి నా మీదుగా వంగి కిటికీలోంచి చెయ్యి చాచాడు, నేను కండ్లు మూసుకోవలసిన చోటు అదే, మూసుకోలేదు, మరిచిపోయాను, చేను వచ్చింది, అంత చిన్నదా, నా తలలో ఇన్నేళ్ళు ఎంత పెద్దగా ఉండేది, ఎర్రమట్టి, పీకిన చెట్లు వరసలు వరసలుగా ఆరబెట్టి ఉన్నాయి, గట్టు మీద అప్పట్లో నేను నాటిన కానుగ చెట్టు నీడ పడేంత అయింది, నడుమ కొంగు బిగించి ఒక మనిషి వంగి పీకుతోంది, పాపా అని ఈ ముసలాయన గొంతు చించుకున్నాడు, ఆమె నడుం ఎత్తి చేతిలో ఉన్న చెనక్కాయ చెట్టును కాయలతో సహా పైకెత్తి ఊపింది, కాయల నుంచి మట్టి రాలింది, అంతే, చేను వెనక్కి పోయింది, నాకు కోపం రాలేదు, వస్తుందేమో అని కూర్చొని చూశాను, రాలేదు, నిజాముద్దీన్ తువ్వాల మూట విప్పాడు, పొద్దున పీకినవి, పచ్చివి, మట్టి కూడా కడగలా, తీసుకో అన్నాడు, నా చెయ్యి నా మోకాలి మీదే ఉంది, లేయదు, ఆ చేని కాయ ఒక్కటి కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్న చెయ్యి అది, అప్పుడు, ఎక్కడ దాక్కొని ఉందో ఇన్నేళ్ళు, అవ్వ గొంతు వినబడింది, ఉరుసు దినం చాప మీద కూర్చొని బోసినోటితో నవ్వుతూ అన్న మాట, ఇచ్చేదానికి నాకు లేని సిగ్గు తీసుకునేదానికి నీకేంది రా, అది అవ్వ అన్న మాట, అందుకే అందరూ నవ్వింది, నేను భేష్ అన్నవాళ్ళ మాటలు దాచుకొని ఆ మాటను పారేసుకున్నాను, చెయ్యి చాపాను, కాయలు బరువుగా, తేమగా, మట్టి వాసనతో ఉన్నాయి, ఒకటి చిదిమి నోట్లో వేసుకున్నాను, పాలు పాలుగా ఉంది.

చాకర్లపల్లిలో దిగుతూ, శుక్రవారం నమాజు అయినాక నలుగుర్ని పిలుస్తా, నువ్వు దగ్గరుండి చేయించల్ల అన్నాడు, శుక్రవారం నాకు ఇంకో పరీక్ష ఉండాది, ఆదివారం పెట్టుకో, వస్తా అన్నాను, అన్నాక గాని తెలియలేదు నేనేమన్నానో, పరీక్ష ఉందన్నానా, హిందూపురంలో దిగిపోయేవాడికి శుక్రవారం పరీక్ష ఏంది, నోరు ముందే పోయి బెంగుళూరులో కూర్చుంది, సరే ఆదివారమే అన్నాడు నిజాముద్దీన్, తువ్వాల దులుపుకొని గట్టెంబడి పోయాడు, మాలుగూరు వచ్చింది, పోయింది, నేను సంచీలోంచి పుస్తకం తీశాను, హిబా పేజీ తనంతట తానే తెరుచుకుంది, ఆ ఇంగ్లీషు వాక్యం, అర పేజీ వాక్యం, మొదలు నుంచి చివర దాకా ఒక్కసారిలో అర్థమయింది, అందులో ముసలామె అవ్వ కాదు, మనవడు నేను కాదు, ఎవరైనా కావచ్చు, రోషన్‌బీ కావచ్చు, ఇంకా ఎవరెవరో కావచ్చు, గడపలో మూటలు దించుతూ గర్వపడుతున్నవాళ్ళు ఈ రొళ్ల నుంచి ఆ నల్లమాడ దాకా ఊరూరా ఎంతమంది ఉంటారో, వాళ్ళకు లార్డుగారు వచ్చి పెద్ద వాదన వినిపించనక్కర్లేదు, తీసుకోండప్పా అని ముందుగా ఒక్క మాట చెప్పేవాడు ఉంటే చాలు.

హిందూపురం ప్లాట్‌ఫారం మీద జైతున్‌బీ పెట్టెలు వెతుక్కుంటూ వస్తోంది, చేతిలో సద్దిమూట, కమాను కిటికీలోంచి అందించాను, తీగ చివరిసారి టుంగుమంది, లావుపాటి ఆయన హమ్మయ్య అన్నాడు, దిగుతానంటివే అంది జైతున్‌బీ, నేను దిగుతానంటే సద్ది ఎందుకు తెచ్చినావు మరి అన్నాను, నువ్వు దిగవని తెచ్చినా అంది, నిజామన్నకు ఎందుకు చెప్పినావు నేను ఈ బండికి వస్తానని అంటే, నోరుండే మనిషివి, రెండు తిట్లు తిడితే నీకు పొట్ట చల్లబడతాదని అంది, తిట్టినావా అంది, తిట్టలేదు, చెనక్కాయలు తిన్న్యా అన్నాను, ఆమె నా ముఖం వైపు చూసి మూట అందించింది, అబ్బే ఎందుకు, ఆడ తింటాలే అనబోయి ఆగి రెండు చేతులా తీసుకున్నాను, వేడిగా ఉంది, బండి కదిలింది, తలలో దూది ఉండాది, దులుపుకో, పరీక్ష రాసే మనిషివి అని వెంట నడుస్తూ అరిచింది, దులుపుకోలేదు, ఉండనీ, గౌరీబిదనూరు దారి పట్టింది బండి, ఎండ పెట్టెలోకి వచ్చింది, పరీక్షలో ఆ ప్రశ్న వచ్చినా రాకపోయినా రాస్తాను, దొంగ ఒకడు ఉన్నాడని ఇన్నేళ్ళు కాచుకొని కూర్చున్నాను గానీ దొంగ ఎవడూ లేడు, అవ్వ ఇచ్చింది, నేను తీసుకోలేదు, జరిగింది అంతే, దానికి పోయింది చాకర్లపల్లి రైలుకట్ట పక్కన రెండెకరాల డెబ్బైరెండు సెంట్లు.